సెతున్యా కోసం దాచిన సగం

పద్నాలుగో భాగం

...కానీ పేరంటే ఏమిటి అసలు, గౌను లాంటిదా, పొట్టయిపోతే విప్పేసి ఇంకోటి తొడగడానికి, అనుకుంటూ కెలెబోన్యే జొన్నసంకటి కలుపుతోంది. అడుగంటుతోందని ముక్కుకి తెలుస్తూనే ఉంది. చెయ్యి మాత్రం గిన్నెలో ఒక్కచోటే తిరుగుతోంది. గౌనే అయితే మార్చొచ్చు. ఈ పద్దెనిమిది నెలల్లో ఎన్ని మార్చలేదు. దత్తత తెచ్చుకున్న పిల్ల జోంబా నుంచి వచ్చినప్పుడు ఒంటిమీదున్న గళ్ళ గౌను మూడు నెలలకే మోకాళ్ళ పైకొచ్చేసింది. చెప్పులు రెండుసార్లు మార్చింది. మాటే మారిపోయింది. చిచేవా తప్ప ఏమీ రాని నోరు ఎనిమిది నెలలకల్లా ఇక్కడి సెత్స్వానాలో తగువులాడటం నేర్చుకుంది. మలావీ నుంచి ఆ పిల్ల మోసుకొచ్చిన వాటిలో ఇంకా పొట్టి కానిది ఒక్కటే మిగిలింది. తియమికే అన్న పేరు.

శనివారం లోపల తేల్చమంది వదినగారు. ఇవాళ గురువారం.

సోమవారం ఆవిడన్న మాటలు ఇంకా వంటింట్లోనే ఎక్కడో వేలాడుతున్నట్టున్నాయి. శనివారం చిన్న మరిది ఫెన్యో పెళ్ళి. ఆ రోజు కొత్త కోడల్ని పెళ్ళయిన ఆడవాళ్ళ మధ్య చాపమీద కూచోబెట్టి, ఈ ఇంట్లో నీ పేరు ఇదీ అని పెడతారు. ఇంకా కడుపునైనా పడని బిడ్డకి ముందే పేరు అనుకుని, ఆ బిడ్డకి అమ్మవని పిలవడం మొదలుపెడతారు. పదకొండేళ్ళ కిందట కెలెబోన్యేకీ అలాగే పెట్టారు. మ్మా-సెతున్యా. సెతున్యా వాళ్ళమ్మ. సెతున్యా అన్నది పోయిన అత్తగారి పేరు. మనవరాలిగా ఆ పేరు ఇంటికి తిరిగి రావాలని అందరి ఆశ. సెతున్యా రాలేదు. పిలుపు మాత్రం ఆగలేదు. కూరలమ్మే మనిషి దగ్గర్నుంచి చర్చిలో పాదిరీ దాకా, ఆమె పనిచేసే గ్రంథాలయానికి వచ్చే బడిపిల్లల దాకా, కాన్యే ఊరంతా ఆమెని లేని బిడ్డ పేరుతోనే పిలిచింది. కెలెబోన్యే అని పిలిచేవాళ్ళు పుట్టింట్లో ఇద్దరు మిగిలారు. వాళ్ళూ పండగలకే పిలుస్తారు.

"పిల్ల పేరు సెతున్యా అని మార్చెయ్, గొడవ వదిలిపోతుంది," అంది వదినగారు సోమవారం. "మార్చనంటావా, మా అమ్మ పేరు నీ దగ్గర ఊరికే పడుండటానికి వీల్లేదు. శనివారం కొత్తపిల్లకి ఇచ్చేస్తాను. ఆ తరవాత నిన్నేమని పిలవాలో నువ్వే చూసుకో."

మొగుడు ఒతెంగ్‌ని అడిగితే "నీ ఇష్టం" అన్నాడు. తనకి భయం వేసే ప్రతి విషయంలోనూ అతను అనే మాట అదే. అనేసి మంగళవారం పొద్దున్నే, పెళ్ళికి ఎద్దుల్ని తోలుకురావాలని మగవాళ్ళతో కలిసి పశువుల మకాంకి వెళ్ళిపోయాడు.

మార్చేస్తేనే నయమేమో. పొయ్యి ఆపి గిన్నె దింపింది. మార్చేస్తే శనివారం పిల్లని ఇంటి ఆడపిల్లల వరసలో నిలబెడతారు. మార్చకపోతే పిల్ల పొరుగింటి పిల్లల్లాగా గేటు దగ్గర నిలబడి చూడాలి. ఆరేళ్ళ పిల్లకి పేరు పెద్దదా, వరసలో చోటు పెద్దదా. అయినా ఆ పేరు తను పెట్టింది కాదు. దత్తత రోజు కోర్టులో ఆ ముసలమ్మ, పిల్ల అమ్మమ్మ, జడ్జి అడక్కపోయినా చెప్పింది: నా కూతురు బిడ్డని ఒక్కసారి చూసింది, తియమికే అంది, మూడోరోజు పోయింది. ఇరవై రెండేళ్ళ అమ్మాయి. అంటే ఆ మూడు రోజులూ జోంబాలో ఎవరైనా ఆమెని తియమికే వాళ్ళమ్మా అని పిలిచే ఉంటారు. ఆ పిలుపు ఆమెది. దాన్ని తను తీసుకుంటే దొంగతనమే అవుతుందని కెలెబోన్యేకి ఎప్పుడూ అనిపిస్తుంది. ఈ సంగతి ఒతెంగ్‌కి కూడా చెప్పలేదు. కాబట్టి పాత పేరే ఉండి, పిల్లే దాని కిందికి వస్తే ఎవరి సొత్తూ ఎత్తుకున్నట్టుండదు. ఆలోచన చక్కగానే అమరింది. అంత చక్కగా అమరినందుకే కాస్త అనుమానంగానూ ఉంది.

పిల్ల కూడా ఆమెని అమ్మా అనదు. మ్మా-సెతున్యా అంటుంది, ఊరివాళ్ళలాగే, ఎంతో మర్యాదగా. మీరు అంటుంది. గ్రంథాలయంలో ఉన్న పిల్లల మనసుల పుస్తకాలన్నీ కెలెబోన్యే చదివింది. మొదటి అమ్మ మీద విశ్వాసం, తొందరపెట్టకండి అని రాసుంది వాటిలో. తొందరపెట్టలేదు. ఒక నోటుపుస్తకం పెట్టుకుని రోజూ రాసుకుంది. ఇవాళ అన్నం సగమే తింది. రెండు బొండాలు ఇస్తే ఒకటి తిని ఒకటి ఎక్కడో పెట్టింది. మంచం మీద గోడకి అతుక్కుని పడుకుంది, మిగతా మంచమంతా ఖాళీ. సంక్షేమశాఖ నుంచి వచ్చిన అమ్మాయి ఆ పుస్తకం తిరగేసి, ఆకలి జ్ఞాపకం అండీ, అనాథాశ్రమాల పిల్లలు ఇలాగే దాచుకుంటారు, రెండేళ్ళలో పోతుంది అంది. కెలెబోన్యే అది కూడా రాసుకుంది.

"కో కో," అని గేటు దగ్గర, తలుపు తట్టడానికి బదులు కేక. "మ్మా-సెతున్యా, ఉన్నావా, లేక మాడిపోయావా?"

వదినగారి గొంతు. వెనకాలే పక్కింటి మ్మా-థుసో నవ్వు.

చలికాలం చివరి ఆగస్టు గాలికి వాకిలంతా దుమ్ము లేస్తోంది. వదినగారు శాలువా పిన్నీసు సరిచేసుకుంటూ వచ్చి, ఎండపడే చోట ఉన్న ఇనుప కుర్చీలో కూచుంది. ఆ కుర్చీ ఈ ఇంట్లో ఆవిడదే. ఆవిడ లేనప్పుడు కూడా దాన్లో ఎవరూ కూచోరు. మ్మా-థుసో అరుగుమీద చతికిలబడి కాళ్ళు చాపుకుంది.

"నీ సంకటి వాసనకి ఊళ్ళోవాళ్ళు పెళ్ళివంటలు ఇవాళే మొదలయ్యాయనుకుంటున్నారు," అంది మ్మా-థుసో.

"వంట సంగతి పెళ్ళినాడు చూస్తాంగా. దీన్ని పొయ్యి దగ్గరికి రానివ్వను," అంది వదినగారు. ఒళ్ళో ఉన్న మూట విప్పింది. "ఇది చూడు అమ్మాయ్."

నీలం గుడ్డ, తెల్లటి చిన్న చిన్న ముద్రలు. ఇంటి ఆడవాళ్ళంతా శనివారం కట్టుకోబోయే గుడ్డే. దానితో కుట్టిన చిన్న గౌను. మెడ చుట్టూ తెల్ల పట్టీ, వెనక బొత్తాలు. బొత్తాలకి కాజాలు చేత్తో కుట్టింది. వదినగారికి చూపు మందగించి నాలుగేళ్ళయింది. ఆ కాజాలు కుట్టడానికి ఆవిడకెంతసేపు పట్టుంటుందో కెలెబోన్యేకి తెలుసు. మనిషి కోపంగా వచ్చుంటే బాగుండేది. ఇలా వస్తే ఏం చెయ్యాలి.

"చాలా బాగుంది వదినగారూ."

"బాగుంటుంది. ఎవరు కుట్టారు? సరే, ఏం తేల్చావు?"

"అదే... ఆలోచిస్తున్నాను."

"నాలుగు రోజుల్నుంచా? ఒతెంగ్‌ని చేసుకోవడానికి కూడా ఇంత ఆలోచించలేదు నువ్వు."

"అప్పుడే ఆలోచించాల్సింది," అంది మ్మా-థుసో అరుగుమీంచి.

కెలెబోన్యే నవ్వింది. నవ్వుతూనే, సరే వదినగారూ మార్చేద్దాం అన్న మాట నాలుక చివరికి రావడం గమనించింది. ఇన్నేళ్ళుగా ఈ ఇంట్లో ఆమె చేసిన పని అదే. సరే అనడం. ఆ మాట ఎంత అలవాటైపోయిందంటే, నోరు దాన్ని మనసుని అడక్కుండానే తయారుచేసి పెడుతుంది.

"సరే..." అంది.

"హమ్మయ్య," అని వదినగారు గౌను ఎత్తి పట్టుకుంది. "పిల్లేది? ఇలా రమ్మను."

పిలవక్కర్లేకపోయింది. తియమికే తలుపు చాటునే ఉంది. వచ్చి రెండు చేతులూ కలిపి, మోకాళ్ళు కొంచెం వంచి అత్తకి దండం పెట్టింది. ఆ వంగడం మలావీది. ఇక్కడి పిల్లలు అలా వంగరు. ఆ పిల్ల ఇంకా వంగుతుంది. వదినగారికి అది చాలా ఇష్టం. ఇష్టమని ఎప్పుడూ అనలేదు.

"చూడు, శనివారం నువ్వు కట్టుకోవాల్సింది ఇదే," అంది వదినగారు. "ఇంకో సంగతి. శనివారం నుంచి నీ పేరు సెతున్యా. తెలిసిందా? ఎవరడిగినా అదే చెప్పాలి. ఏదీ, నీ పేరేమిటి?"

పిల్ల గౌను వంక చూసింది. ముట్టుకోలేదు.

"ఇది సెతున్యాదా అత్తా?"

"అవును."

"తను నాకంటే పొడుగా?"

"ఎవరు?"

"సెతున్యా. నాకు సరిపోతే తనకి సరిపోదేమో."

మ్మా-థుసో పకపకా నవ్వింది. "పిచ్చిపిల్లా, సెతున్యా అంటే నువ్వేనే."

తియమికే తల అడ్డంగా ఊపింది. పెద్దవాళ్ళకి కాస్త ఓపిగ్గా చెప్పాలి అన్నట్టు మెల్లగా చెప్పింది. "నేను కాదు. నేను తియమికేని. సెతున్యా ఇంకా రాలేదు కదా."



"ఎక్కణ్ణుంచి రాలేదు?" అంది కెలెబోన్యే.

"ఏమో. బోర్డింగు బడిలో ఉందేమో అనుకున్నా. థుసో వాళ్ళక్క ఉంటుంది కదా, తను సెలవులకి వస్తుంది. సెతున్యా క్రిస్మస్‌కి కూడా రాలేదు. ఇప్పుడు సెలవులు. ఇప్పుడు కూడా రాలేదు." పిల్ల అత్త ముఖం చూసింది. అక్కడ ఏదో తప్పు జరిగిందని అర్థమైనట్టుంది, గొంతు త్వరత్వరగా సాగింది. "నేను తన పేరు తీసుకోను అత్తా. తనవేవీ వాడెయ్యలేదు. అన్నీ సగమే వాడాను. చూపిస్తాను."

లోపలికి పరిగెత్తింది. మంచం కిందనుంచి ఏదో లాగిన చప్పుడు వినిపించింది.

జోంబా నుంచి తెచ్చిన జిప్పు సంచీ అది. ఒక్కసారైనా పూర్తిగా ఖాళీ చెయ్యనివ్వలేదని నోటుపుస్తకంలో రాసుంది. పిల్ల దాన్ని వాకిట్లోకి ఈడ్చుకొచ్చి, అత్త కాళ్ళ దగ్గర కూచుని ఒక్కొక్కటీ తీసి నేలమీద పెట్టసాగింది. పన్నెండు రంగుపెన్సిళ్ళలో ఆరు, చెక్కని మొనలతో. రబ్బరు మధ్యకి కోసిన ముక్క. జడరిబ్బన్ల జతల్లో ఒక్కొక్కటి. చీటీ కూడా తియ్యని బడి స్వెట్టరు. రెండు కొన్నప్పుడు ఒకటి పోయిందంటే కెలెబోన్యే బడికి వెళ్ళి ఆయాతో పోట్లాడి వచ్చింది ఈ స్వెట్టరు గురించే. బిస్కెట్ డబ్బాలో మిఠాయిలు, కరిగి కాగితాలకి అతుక్కున్నవి. రాళ్ళలా ఎండిపోయిన బొండాలు నాలుగు. చివరిగా బడి పుస్తకం. ఎడమవైపు పేజీల నిండా అక్షరాలు, కుడివైపు అన్నీ తెల్లగా ఉన్నాయి. పేజీలు వదిలేస్తోంది, ఏకాగ్రత లేదు అని టీచరు రాసి పంపిన ఉత్తరం కెలెబోన్యేకి గుర్తుంది.

"కుడివైపు తనకి," అంది తియమికే. "మంచం కూడా. నేను గోడవైపే పడుకుంటాను. ఇద్దరం పడతాం. చూశాను పడుకుని." ఆగింది. అప్పుడు అడిగింది, ఎవర్నీ చూడకుండా, డబ్బా మూత అటూ ఇటూ తిప్పుతూ. "తను వచ్చాక నేను బస్సెక్కి వెళ్ళిపోవాలా? లేకపోతే ఇద్దరం ఉండొచ్చా?"

గాలికి ఎక్కడో రేకు కొట్టుకుంటోంది. కెలెబోన్యే ఆ చప్పుడునే వింటూ నిలబడిపోయింది. ఆలోచన అంటూ ఏదీ రాలేదు మొదట. తరవాత అన్నీ ఒకేసారి వచ్చాయి. పద్దెనిమిది నెలలు రాసిన నోటుపుస్తకంలో ఒక్క వాక్యం కూడా నిజం కాదు. ఆకలి కాదు. జ్ఞాపకం కాదు. మొదటి అమ్మ మీద విశ్వాసమూ కాదు. పిల్ల వినేది వింది, అంతే. రోజుకి ఎన్నిసార్లు, నలభైసార్లా, యాభైసార్లా. గేటు దగ్గర, కొళాయి దగ్గర, చర్చి మెట్లమీద, అందరూ ఈమెని ఇంకెవరో పిల్ల వాళ్ళమ్మా అని పిలుస్తుంటే, ఆ పిల్ల ఏమనుకోవాలి? ఈ ఇంటికి ఒక కూతురుంది. ఇప్పుడు లేదు. వస్తుంది. అప్పటిదాకా తను చోటు కాపలా కాస్తోంది. మ్మా-సెతున్యా అని పిలవడంలో దూరమేమీ లేదు. అది నిజాయితీ. సెతున్యా వాళ్ళమ్మని సెతున్యా వాళ్ళమ్మా అంది. రాత్రిళ్ళు గోడకి అతుక్కుని ఆ చల్లటి ఖాళీ జాగాని ఎలా చూస్తూ పడుకుందో. అయినా అసూయపడలేదు. వచ్చే పిల్లకి తన సగాన్ని ముట్టకుండా ఉంచింది.

ఇన్ని పుస్తకాలు చదివినదాన్ని, నా పేరు ఒక్కసారి నేను విని ఉంటే సరిపోయేది.

వదినగారు వంగి, డబ్బాలోంచి ఒక బొండా తీసింది. అరచేతిలో పెట్టుకుని బరువు చూస్తున్నట్టు కాసేపు ఉంది.

"ఇది మా అమ్మ కోసం దాచిందన్నమాట," అంది, ఎవరితోనో. "ఆవిడకి ఇవంటే ప్రాణం. పళ్ళన్నీ ఊడిపోయాక టీలో నానబెట్టుకుని తినేది." నోటి దగ్గర పెట్టుకుని కొరికింది.

"నీ పళ్ళు కూడా అక్కడికే పోతాయి అక్కా, పడెయ్," అంది మ్మా-థుసో. కానీ గొంతులో నవ్వు లేదు. కళ్ళు తుడుచుకుంటోంది.

వదినగారు ఆ ముక్కని ఎంతోసేపు నమిలింది. మింగి, శాలువా చెంగుతో మూతి తుడుచుకునేసరికి ముఖం మళ్ళీ ఎప్పటిలా అయింది.

"సరే. ఏడుపులెందుకు. దీనికి మందొక్కటే. నువ్వే సెతున్యావి అని పిల్లకి గట్టిగా చెప్పేస్తే, ఇంకో సెతున్యా ఎక్కణ్ణుంచీ రాదు. భయం తీరిపోతుంది. ఇందాక సరే అన్నావు కూడా."

అది నిజమే. అన్నది. కెలెబోన్యే చేతుల్లోని తడి తన గౌనుకి తుడుచుకుంది. పదకొండేళ్ళలో ఈ ఇనుప కుర్చీ ఎదుట నిలబడి ఆమె కాదని అన్న మాట ఒక్కటీ లేదు.

"అన్నాను వదినగారూ. వెనక్కి తీసుకుంటున్నాను."

"ఏమిటీ?"

"అప్పుడు తియమికే ఎక్కడికి పోతుంది? ఇవాళ సెతున్యా కోసం సగం దాస్తోంది. రేపు దీన్ని సెతున్యా అని పిలవడం మొదలుపెడితే, తియమికే కోసం దాస్తుంది. అంతే తేడా. ఈ పిల్ల ఏ రోజూ పూర్తిగా తినదు."

మ్మా-థుసో చాపిన కాళ్ళు దగ్గరికి ముడుచుకుంది. ఇంక ఇక్కడ హాయిగా కూచునే వీలు లేదన్నట్టు.

"నాకు ఎదురుచెప్తున్నావా?" అంది వదినగారు. కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువుంది ఆ మాటలో.

"చెప్తున్నాను. కానీ ముందు ఇది వినండి. చిన్నమామగారు పోయినప్పుడు, ఆ వంటపాకలో ఆడవాళ్ళంతా ఏమన్నారో నాకు తెలుసు. గొడ్రాలికి పెద్దావిడ పేరెందుకు, తీసేసుకో అన్నారు. మీరు గరిటె కింద పడేసి, నోళ్ళు కడుక్కోండి, ఆ పేరు దానిది అన్నారు. నేను గోడ అవతల ఉల్లిపాయలు తరుగుతున్నాను. విన్నాను. ఇన్నేళ్ళూ నేను ఆ పేరులోనే తలదాచుకున్నాను వదినగారూ. అది లేకపోతే ఈ ఇంట్లోంచి ఎప్పుడో పోయేదాన్ని. మీరు ప్రతిరోజూ పొద్దున్నే గేటు దగ్గర ఆ పేరుతో అరుస్తుంటే, నన్ను పిలుస్తున్నారనుకున్నాను. మీ అమ్మని పిలుచుకుంటున్నారని ఇప్పుడు అర్థమైంది."

వదినగారు తల తిప్పుకుంది. కొండవైపు చూస్తోంది. అక్కడ చూడ్డానికి ఏమీ లేదు.

"ఆ పేరు తీసుకెళ్ళండి," అంది కెలెబోన్యే. "ఫెన్యో పెళ్ళానికివ్వండి. ఆ పిల్ల చిన్నది, ఆరోగ్యంగా ఉంది. వాళ్ళింట్లో సెతున్యా నిజంగానే వస్తుందేమో. మనసులో ఏమీ పెట్టుకుని అనడంలేదు. నేను ఖాళీ చేసి ఇస్తున్నాను."

అని, మోకాళ్ళమీద కూచుని పిల్ల చేతిలోంచి డబ్బా మూత తీసుకుంది. "తియమికే, నన్ను చూడు. సెతున్యా అనే అమ్మాయి లేదు. బోర్డింగులో లేదు, ఎక్కడా లేదు. ఎప్పుడూ లేదు. అది మీ నాన్న వాళ్ళమ్మ పేరు. ముసలావిడ. నువ్వు పుట్టకముందే పోయింది."

పిల్ల కనుబొమలు ముడిచింది. "మరి అందరూ అలా ఎందుకు పిలిచారు?"

"వస్తుందని ఎదురుచూశాం."

"రాలేదా?"

"రాలేదు."

"ఈ పెన్సిళ్ళు?"

"నీవే. పన్నెండూ."

తియమికే ఆరు పెన్సిళ్ళనీ చూసింది. సంతోషం రాలేదు వెంటనే. మొదట ఎవరో పోయారన్న దిగులు ముఖంలో కనిపించింది. ఏడాదిన్నర పాటు పక్కన చోటిచ్చిన మనిషి కదా. తరవాత ఇంకేదో తట్టినట్టు తలెత్తింది. ఈసారి మీరు అనలేదు.

"అయితే నువ్వెవరి అమ్మవి?"

కెలెబోన్యే కళ్ళకి ఎదురుగా కోర్టు బల్ల, దానిమీద చేతులు పెట్టి నిలబడ్డ ముసలమ్మ, ఆ వెనకాల ముఖం తెలియని ఇరవై రెండేళ్ళ అమ్మాయి. ఆ పిలుపు ఆమెది. నాది కాదు.

"చెప్పు. పిల్ల అడుగుతోంది," అంది వదినగారు. కుర్చీలోంచి లేచింది. "నేనూ అదే అడగాలి. కానీ ముందు నీకొక సంగతి తెలియాలి. తరవాత నేను దాచానని అనొద్దు. నిన్న పొద్దున ఒతెంగ్ ఫోన్ చేశాడు. పెద్దమామగారు పిల్లకి ఒక పెయ్యదూడ ఇచ్చాడట, మకాంలో, అందరి ముందూ. ఎర్రటి దూడ, నుదుట తెల్లమచ్చ. చెవికి గాటు పెట్టేటప్పుడు ఎవరి పేరుమీద అని అడిగితే, నీ మొగుడు సెతున్యా అన్నాడు."

కెలెబోన్యే చేతిలోని డబ్బా మూత నేలమీద పెట్టింది.

"మాట ఇచ్చేశాడు. శనివారం పొద్దున మగవాళ్ళ నెగడు దగ్గర పెద్దాయన అది చాటిస్తాడు. ఆడవాళ్ళ సంగతి నా చేతిలో ఉంది. అక్కడి సంగతి నా చేతిలో లేదు. నువ్వు ఇప్పుడు వేరే పేరుకి పలికావంటే, వీధంతా వింటుంది. నీ మొగుడు అబద్ధాలకోరుగా ఇంటికొస్తాడు. పెద్దాయన ఇచ్చిన దూడని వెనక్కి తోలుకుపోయినా పోతాడు. ఆయన సంగతి నీకు తెలుసు."

"నీ ఇష్టం అన్నాడు నాతో," అంది కెలెబోన్యే.

"మగవాళ్ళు అదే అంటారు," అంది మ్మా-థుసో.

వదినగారు నీలం గౌనుని మడిచి మూట కట్టబోయింది. ఆగింది. మళ్ళీ విప్పి, కుర్చీ చేతిమీద వేసింది.

"దీన్ని ఇక్కడే ఉంచు. ఈ పిల్ల ఒంటికి కొలిచి కుట్టింది. ఇంకొకళ్ళకి పట్టదు."

అని నడిచింది. ఆవిడ నడక మెల్లగా ఉంటుంది, మోకాళ్ళ వల్ల. మ్మా-థుసో లేచి వెంటవెళ్ళబోయి, ఏమనుకుందో, మళ్ళీ అరుగుమీద కూచుంది. వదినగారు గేటు దాటి, దాన్ని మూసి, వీధిలో నిలబడింది. పక్కన కొళాయి దగ్గర బిందెలు పెట్టుకున్న నలుగురైదుగురు ఆడవాళ్ళు అటే చూశారు. ఆవిడ వాళ్ళని చూడలేదు. పొద్దున్నే వచ్చినప్పుడల్లా నిలబడే చోటే నిలబడి, శాలువా సరిచేసుకుని, వీధి చివరి ఇంటికి కూడా వినపడేలా గొంతెత్తింది.

"మ్మా-తియమికే."

కొళాయి దగ్గర ఎవరో నీళ్ళు ఆపేశారు.

ఆ పిలుపు వాకిలి దాటి, ఆరు పెన్సిళ్ళ మీంచి వచ్చి, కెలెబోన్యే దగ్గర ఆగింది. జోంబాలో ఆ అమ్మాయి దీన్ని మూడు రోజులు వింది. నాలుగోరోజు ఎవరైనా పిలిచి ఉంటే జవాబు వచ్చి ఉండదు. అప్పట్నుంచి ఆ పిలుపుకి పలికినవాళ్ళు లేరు. ఐదారేళ్ళుగా అది ఎవరూ పలకని పిలుపు. ఇన్నాళ్ళూ దాన్ని ముట్టుకుంటే దొంగతనం అనుకుంది తను. ఒకళ్ళు పలకలేక వదిలిపెట్టినదానికి ఇంకొకళ్ళు పలికితే ఏమంటారో ఏ పుస్తకంలోనూ రాసి లేదు. ఒతెంగ్ ముఖం కళ్ళముందుకొచ్చింది, శనివారం పొద్దున, నెగడు దగ్గర, పెద్దమామగారి పక్కన. అతనికి ఏం చెప్పాలో ఆమెకి తెలియదు. తియమికే ఊపిరి బిగబట్టి ఆమె పెదాలనే చూస్తోంది.

గేటు అవతల వదినగారు కదలకుండా నిలబడి ఉంది. ఆవిడ ఎవర్నీ రెండోసారి పిలవదు.

కెలెబోన్యే లేచి నిలబడి, కొళాయి దగ్గరివాళ్ళకి కూడా వినపడేలా, "ఆఁ, ఇక్కడే ఉన్నాను వదినగారూ," అని పలికింది.